టామీని తిప్పే పిల్లోడు

కుక్కని తిప్పేదానికి మనిషిని పెట్టుకున్నామని చెప్తే పులివెందుల్లో మా మామ పడీ పడీ నవ్వినాడు. "ఒరే, నెలకి 3 వేలిచ్చి కుక్కని నడిపిస్తాండారా? నాకియ్యండిరా, నేనే నడుస్తా" అన్నాడు. ఆయన చీనీతోటలో రెండు నాటు కుక్కలున్నాయి. వాటిని తిప్పడం అనే మాటే అక్కడ పుట్టదు. రాత్రంతా తోట చుట్టూ అవే తిరుగుతాయి, పగలు చెట్ల కింద పడుకుంటాయి. కుక్కకు పని లేదు, నిలబడేదానికి తీరిక లేదు అని సామెత చెప్తారు చూడండి, అది ఆ తోటకు సరిగ్గా సరిపోతుంది. మా టామీకి మాత్రం సరిపోదు. దానికి పనీ లేదు, బోలెడంత తీరిక ఉంది. అసలు బాధంతా అదే.

టామీ లాబ్రడార్. 2020లో లాక్‌డౌన్లు పెట్టి ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నప్పుడు బెంగుళూరు రూము ఖాళీ చేసి ప్రొద్దుటూరు వచ్చేశాను. ఇంజనీరింగ్ అయిపోయి అప్పటికి ఏడాది. జమ్మలమడుగులో నా క్లాస్‌మేటు వాళ్ళింట్లో కుక్క పిల్లల్ని పెడితే ఒకటి తెచ్చుకున్నా. అమ్మ వద్దంది, నాయన ఏమీ అనలేదు (నాయన ఏమీ అనలేదంటే మా ఇంట్లో ఒప్పుకున్నట్లే). రెండేళ్ళు పొద్దునా సాయంత్రం నేనే తిప్పేవాణ్ణి. 2022 చివర్లో ఆఫీసుకు రమ్మన్నారు. బెంగుళూరులో నేనుండే సింగిల్ బెడ్రూములోకి 34 కిలోల కుక్కని తీసుకుపోవడం అయ్యే పని కాదు. "రొంత రోజులు చూసుకో నాయనా" అని వదిలేసి బస్సెక్కా. ఆ రొంత రోజులు ఇంకా అయిపోలేదు.

నాయన రెండేళ్ళు తిప్పినాడు. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. లాబ్రడార్ గొలుసు పట్టుకుని లాగితే పాతికేళ్ళోడే ముందుకు తూలతాడు, అరవై దాటిన మనిషి ఏం నిలబడతాడు! ఒకసారి గేటు దగ్గరే జారి పడ్డాడు. దాంతో 2025 జనవరిలో ఒక పిల్లోణ్ణి మాట్లాడినాం. కుక్కపిల్లనిచ్చిన జమ్మలమడుగు దోస్తే ఈ పిల్లోణ్ణి కూడా చూపించినాడు. వాళ్ళ పక్క పల్లె పిల్లోడు, ప్రొద్దుటూరులో రూము తీసుకుని డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు, ఇరవయ్యేళ్ళుంటాయి. పొద్దున 40 నిమిషాలు, సాయంత్రం 40 నిమిషాలు, నెలకి 3 వేలు. ఒప్పందం ఇంతే. అంతా ఫోన్లోనే, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆఫీసులో ఇలాంటి రిక్వైర్‌మెంట్ నాకెవరైనా ఇస్తే పది ప్రశ్నలడిగి తిప్పి పంపేవాణ్ణి. మన ఇంటి విషయానికొచ్చేసరికి "చూసుకో తమ్ముడూ" అంటే చాలనుకున్నా.

మొదటి రెండు నెలలు బాగా జరిగింది. పిల్లోడు టైముకొచ్చేవాడు, టామీ వాడి అడుగుల చప్పుడు విని గేటు దగ్గర గంతులేసేదట. మార్చిలో అమ్మ ఫోన్లో ఒక్కొక్కటే చెప్పడం మొదలెట్టింది. బయటికి పోయొచ్చినాక కూడా వరండాలో పాసు పోస్తా ఉందని. రాత్రుళ్ళు పడుకోకుండా అటూ ఇటూ తిరుగుతా ఉందని. నాపరాళ్ళ మీద నడుస్తాంటే గోళ్ళు టకటకమంటున్నాయని. ఈ చివరిది విన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. రోడ్డు మీద రోజూ గంటా ఇరవై నిమిషాలు నడిచే కుక్కకి గోళ్ళు చాలావరకు వాటంతటవే అరుగుతాయి. అవి నేలకి తగిలి చప్పుడొస్తోందంటే ఎక్కడో లెక్క తప్పుతోందన్నమాట.

ఉగాదికి ఇంటికి పోయినప్పుడు చూస్తే టామీ ఒళ్ళు చేసింది. 38 కిలోలు. పైగా ముందు కాళ్ళ అరిపాదాల్లో తోలు లేచిపోయుంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉండటం మా అదృష్టం, అక్కడికి తీసుకుపోయినాం. డాక్టరుగారు చూసి "ఎండలో తిప్పుతున్నారా?" అన్నారు. సాయంత్రం తిప్పుతున్నాం అని చెప్పా. "సాయంత్రమంటే ఎన్ని గంటలకి?" అంటే నా దగ్గర జవాబు లేదు. అమ్మ చెప్పింది, నాలుగింటికని. మా ప్రొద్దుటూరులో ఏప్రిల్లో సాయంత్రం నాలుగంటే అది సాయంత్రం కాదండీ, మధ్యాహ్నమే! తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా మనం నిలబడలేం.

కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల దగ్గర కొంచెం పడుతుంది, మిగతాదంతా నాలుక బయటపెట్టి రొప్పడమే. దాని మామూలు ఒంటి వేడే సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అందులోనూ లాబ్రడార్లకి రెండు పొరల బొచ్చు. ఈ జాతి పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చన్నీళ్ళల్లో జాలర్లతో పని చేసిన కుక్కలు. అట్లాంటి దాన్ని తెచ్చి కడప జిల్లాలో నాలుగింటికి మైదుకూరు రోడ్డు మీద నడిపిస్తున్నాం. తేలికైన పరీక్ష ఒకటుంది, కుక్కలున్న వాళ్ళు గుర్తు పెట్టుకోండి. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే కుక్కని దాని మీద నడిపించకూడదు.

సరే, అప్పుడే పిల్లోణ్ణి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుంటే కథ ఇంకోలా ఉండేదేమో. నేనట్లా చేయలేదు. నాయన "పోనీలేరా, చదువుకునే పిల్లోడు, నేను చెప్తాలే" అన్నాడు. ఆయన చెప్పడని నాకు తెలుసు. నాకూ ఎదురుగా అడగాలంటే మొహమాటం. పిల్లోణ్ణి చూపించింది దోస్తు, ఆ పిల్లోడి చిన్నాయన మా వీధిలోకి కూరగాయల బండి తెస్తాడు. ఒక మాట తేడాగా అంటే మూడిళ్ళకి పోతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేసే పని చేశా. సిమ్ వేసే జీపీఎస్ ఒకటి కొని, టామీ మెడ బెల్టుకి తగిలించి, ఎవరికీ చెప్పకుండా రాత్రి బస్సుకి బెంగుళూరు వెళ్ళిపోయా.

రెండో రోజుకే దొంగ దొరికినాడు. ఇంటి నుంచి ఆరు నిమిషాలు నడక. అక్కడ ఒక టీ అంగడి దగ్గర అరగంట కదలకుండా ఒకటే చుక్క. మళ్ళీ ఆరు నిమిషాలు నడక, ఇల్లు. పొద్దునా అదే, సాయంత్రమూ అదే. నాలుగు రోజులు చూశా. ఆఫీసులో ప్రొడక్షన్ బగ్గు దొరికినప్పుడు వచ్చే సంతోషమే వచ్చిందంటే నమ్మండి. కుక్క బాధపడుతోందన్న దిగులు కంటే "పట్టేశా" అన్న గర్వమే ఎక్కువ ఉండింది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది.

మంగళవారం రాత్రి ఫోన్ చేసి అందుకున్నా. "నీకు డబ్బులు టీ తాగేదానికి ఇస్తున్నామా? నువ్వు యాడ కూర్చుంటున్నావో, ఎంతసేపు కూర్చుంటున్నావో నాకిక్కడ కనిపిస్తాంది. రేపట్నుంచి కల్వర్టు దాటి చివరిదాకా పోయి రావాల్సిందే, మ్యాపులో చూస్తాంటా" అన్నా. వాడు "అది కాదన్నా..." అన్నాడు. "ఏం కాదు, ముందు చెప్పింది చెయ్" అన్నా. "సరేన్నా" అని పెట్టేసినాడు. ఆ "అది కాదన్నా" తర్వాత ఏముందో వినుంటే బాగుండేది.

బుధవారం పొద్దున లేచి మ్యాపు చూశా. పూర్తి రౌండు! కల్వర్టు దాటి చివరిదాకా పోయి వచ్చినాడు. అదీ 40 నిమిషాలు పట్టే దూరం 22 నిమిషాల్లో. భలే స్పీడుగా నడిచినాడే, తిడితే గానీ పని జరగదు మన దేశంలో అనుకున్నా. ఫోన్లో ఒక బొటనవేలి బొమ్మ కూడా పంపించా, శభాష్ అని. జవాబు రాలేదు. సాయంత్రం వాడు రాలేదు. గురువారమూ రాలేదు. అలిగినాడు అనుకున్నాం. నాయన నా మీద కేకలేసినాడు, "ఏమన్నావురా పిల్లోణ్ణి?" అని. రెండు రోజులు టామీని గేటు లోపలే కట్టేసినారు.

శుక్రవారం మధ్యాహ్నం జమ్మలమడుగు దోస్తు ఫోన్ చేసినాడు. "మీ టామీని తిప్పే పిల్లోణ్ణి కుక్క కరిచిందంట కదా, నీకు తెలీదా?" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. "టామీ కరిచిందా?" అన్నా. "కాదురా, వీధి కుక్కలు. పిక్క పట్టుకునింది. పల్లెకొచ్చేసినాడు. వాళ్ళవ్వ సున్నం, పసుపు పూసి కట్టు కట్టింది. సూది వేయించుకోలేదంట. ఇప్పుడే తెలిసి పెద్దాసుపత్రికి తీసుకొచ్చినా" అన్నాడు.

కల్వర్టు అవతల కట్టడం సగంలో ఆగిపోయిన ఇల్లొకటుంది. మార్చిలో అక్కడ ఒక ఆడకుక్క పిల్లల్ని పెట్టింది. అప్పట్నుంచి దాంతో పాటు ఇంకో నాలుగైదు కుక్కలు టామీ కనిపిస్తే చాలు మీదికొస్తున్నాయట. రెండుసార్లు తప్పించుకున్నాక పిల్లోడు కల్వర్టుకి ఇవతలే టీ అంగడి దగ్గర ఆగిపోవడం మొదలెట్టినాడు. నేను చూసిన "ఆరు నిమిషాల నడక" సరిగ్గా ఆ కుక్కల హద్దు దాకా. నేను శభాష్ అన్న 22 నిమిషాల రౌండులో వాడు నడవలేదు, టామీని లాక్కుంటూ కరిచిన కాలితో పరిగెత్తినాడు. నా దగ్గర అక్షాంశం, రేఖాంశం, వేగం అన్నీ ఉన్నాయి. ఎందుకు అనే కాలమ్ మాత్రం ఆ జీపీఎస్‌లో లేదు. దాన్ని నింపేదానికి వాడు "అది కాదన్నా" అన్నప్పుడు నేను నోరు మూయించా.

ఆ రాత్రే బస్సెక్కినా. నిద్ర పట్టలేదు. రేబిస్ గురించి చదివే కొద్దీ చేతులు చల్లబడినాయి. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతికినవాళ్ళు ప్రపంచంలోనే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 1885లో పాశ్చర్ టీకా వేసి చూపించినప్పటి నుంచి దీనికున్న దారి ఒక్కటే, లక్షణాలు రాకముందే టీకా పడాలి. కరిచిన వెంటనే గాయాన్ని ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కారం ఏదీ పెట్టకూడదు. రక్తం వచ్చేంత గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. టీకా మొదటిది పడిన రోజుని సున్నాగా లెక్కపెట్టి 3, 7, 28 రోజులకి మిగతావి వేస్తారు. సర్కారు ఆసుపత్రుల్లో ఉచితమే. ఆలస్యమైనా సరే వేయించుకోవాల్సిందే, ఆలస్యమైందని మానేయకూడదు. ఇవన్నీ కుక్కని కొన్న రోజు నేను తెలుసుకోవాల్సినవి. కుక్కని అప్పజెప్పిన రోజు ఆ పిల్లోడికి చెప్పాల్సినవి.

శనివారం పొద్దున జమ్మలమడుగు నుంచి దోస్తు బండి మీద ఆ పల్లెకి పోయినాం. పిల్లోడు అరుగు మీద కూర్చోనుండాడు, కాలికి కట్టు. నన్ను చూసి లేవబోయినాడు. వాళ్ళవ్వ మజ్జిగిచ్చింది. ఆమె ఒక్క మాట కూడా కఠినంగా అనలేదు. "మీ కుక్కకేం కాలేదు కదా నాయనా?" అని అడిగింది. నేను తల ఎత్తలేకపోయా.

"నన్ను క్షమించు తమ్ముడూ. ఆ రోజు నువ్వు చెప్పబోయింది నేను వినలేదు" అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే మొదలెట్టినాడు. కుక్కల సంగతి ఎందుకు చెప్పలేదంటే, "కుక్కలకి భయపడేవాడికి కుక్కని తిప్పే పనెందుకు అని తీసేస్తారనుకున్నాన్నా" అన్నాడు. నాలుగింటికి ఎందుకు తిప్పినావంటే ఆరింటికి ట్యూషను మొదలైందట, అదీ చెప్పలేదు. అరిపాదాలు కాలింది మాత్రం తన తప్పేనన్నాడు. టీ అంగడి దగ్గర క్రికెట్టు చూస్తా ఉన్న మాట కూడా నిజమేనన్నాడు. "వేరే రోడ్డు వెంట పోయుండొచ్చన్నా, బద్ధకించినా" అని తనే ఒప్పుకున్నాడు. అంటే నా అనుమానంలో సగం నిజమే. కానీ ఆ సగాన్ని పట్టుకుని మిగతా సగం అడక్కుండా తీర్పు చెప్పేశా.

ఈ గొడవలో పడి చట్టం ఏమంటుందో చూశా. బెంగుళూరులో కుక్కని తిప్పే సేవలు ఇచ్చే కంపెనీలున్నాయి. నచ్చకపోతే ఒక్క చుక్క రేటింగు ఇస్తాం, డబ్బు వెనక్కి అడుగుతాం, ఇంకా కోపమొస్తే వినియోగదారుల కమిషన్‌కి పోతాం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యక్తిగత సేవ కింద పెట్టుకున్న పనిని 'సేవ' నిర్వచనంలో నుంచి తీసేసింది. అంటే ఇంట్లో నెల జీతానికి పెట్టుకున్న మనిషి మీద ఆ దారి పనికిరాదు. అక్కడ మిగిలేది మాట్లాడుకోవడమే.

ఇంకొకటి చూసి నిజంగా ఉలిక్కిపడ్డా. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్లో హింస కింద వచ్చే పనుల జాబితా ఉంది. కొట్టడం, ఆకలికి మాడ్చడం వంటి వాటితో పాటు, ఎప్పుడూ గొలుసుకి కట్టేసి ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడం కూడా అందులో ఉంది. ఆ తప్పు ఎవరిదని రాశారు? యజమానిది. తిప్పాలి లేదా తిప్పించాలి, ఆ బాధ్యత యజమాని మీదే పెట్టింది. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, ఈ రోజుల్లో నవ్వొచ్చే మొత్తమే అనుకోండి. పిల్లోడు పని సరిగ్గా చేయలేదని నేను సాక్ష్యాలు పోగేస్తున్నాను గానీ, ఆ లెక్కన మొదటి ముద్దాయిని నేనే. కుక్కని తెచ్చింది నేను, వదిలి పోయింది నేను, రెండు నిమిషాల ఫోన్లో బాధ్యతని 3 వేలకి దాటించేసింది నేను. అలాగే 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా. వాడు తూలి పడి టామీ గొలుసు వదిలేసి, అది దారిన పోయే పసిపిల్ల మీదికి దూకి ఉంటే?

ఆ ఆదివారం మా వరండాలో నాయన, అమ్మ, నేను, పిల్లోడు కూర్చుని మళ్ళీ మొదట్నుంచి మాట్లాడుకున్నాం. పొద్దున అయిదున్నరకి, రాత్రి ట్యూషనయ్యాక ఎనిమిదింటికి. వేసవిలో ఒక్కో నడక 25 నిమిషాలు చాలు. కల్వర్టు వైపు వద్దు, కొర్రపాడు రోడ్డు వైపు. చేతిలో కర్ర ఉండాలి, కొట్టేదానికి కాదు, నేల మీద తాటించేదానికి. ఏ కుక్క కరిచినా, గీరినా, మన టామీ పన్ను తగిలినా ఆ నిమిషమే చెప్పాలి, ఆసుపత్రి ఖర్చు మాది, ఆ రోజుల జీతం కోయం. పరీక్షలుంటే వారం ముందు చెప్తే చాలు. జీతం 4 వేలు. జీపీఎస్ సంగతి కూడా చెప్పి, అదే మ్యాపు వాడి ఫోన్లో కూడా పెట్టా. "తీసేయమంటే తీసేస్తా" అన్నా. "ఉండనీన్నా, తప్పించుకుంటే దొరుకుతుంది కదా" అన్నాడు. తిప్పలేని రోజు తిప్పలేదని చెప్తే చాలని, అబద్ధపు 40 నిమిషాల కంటే నిజం పది నిమిషాలు మేలని నాయన అన్నాడు. అప్పటిదాకా నోరు విప్పని మనిషి, అన్నీ విని ఒక్క మాటలో తేల్చేసినాడు.

మూడో రోజు టీకాకి, ఏడో రోజు టీకాకి నాయనే వాణ్ణి ఆటోలో తీసుకుపోయినాడు. 28వ రోజుది మాత్రం నా ఫోన్లో అలారం పెట్టుకున్నా. ఆ రోజు పొద్దున ఆఫీసులో మీటింగు మధ్యలో లేచి బయటికొచ్చి ఫోన్ చేశా. "వేయించుకున్నాన్నా, ఇదిగో చీటీ" అని ఫోటో పంపినాడు. ఆ చీటీ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది, తీసేయాలనిపించలేదు.

తర్వాత అంతా సుఖాంతం అని చెప్పను. వానాకాలంలో ఒక వారం చెప్పకుండా మానేసినాడు, మళ్ళీ ఒకసారి కూర్చోవాల్సి వచ్చింది. ఈసారి ముందు "ఏమైంది?" అని అడిగినా. వాళ్ళవ్వకి జ్వరం. టామీ 35 కిలోలకి దిగింది, గోళ్ళ చప్పుడు తగ్గింది. పిల్లోడి డిగ్రీ అయిపోతే వాడూ నాలాగే బెంగుళూరో హైదరాబాదో బస్సెక్కుతాడు. అప్పుడు టామీని ఎవరు తిప్పుతారో ఇప్పటికైతే తెలీదు. మా మామ "తోటకి తోలుకొచ్చి వదిలేయండిరా" అంటున్నాడు. ఈసారి నవ్వడం లేదు, నిజంగానే అంటున్నాడు. చీనీచెట్ల నీడ, తొట్టి నిండా నీళ్ళు, తోడుగా రెండు నాటు కుక్కలు. నాయన మాత్రం టామీ తల నిమురుతూ ఏమీ అనడం లేదు.

నాయన ఏమీ అనకపోతే మా ఇంట్లో ఏమని అర్థమో పైన చెప్పాను కదా. ఈసారి మాత్రం అట్లా అనుకోకుండా, పండక్కి పోయినప్పుడు ఆయన్నే అడగాలనుకుంటున్నా.